షీటు మీద అక్షరాల గురించి పెదనాన్న ఉత్తరం

చిట్టితల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ షీటు ఫోటో చూశాను. ఫోనులో ఎంత పెద్దది చేసినా తృప్తి కలగలేదు. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇంటి ప్లాను చక్కగా వచ్చింది. గోడల గీతలు మూలల దగ్గర సరిగ్గా కలిశాయి. మీ సార్ లెటరింగ్‌కి, అంటే షీటు మీద వేసే అక్షరాలకి, మార్కులు తీసేశారనీ, "నా చేతిరాతే అంత పెదనాన్నా" అనీ రాశావు చూడు, ఆ మాట ఒక్కటే నాకు నచ్చలేదు. లెటరింగ్‌కీ చేతిరాతకీ సంబంధం లేదమ్మా. మా ఆఫీసులో అందరికంటే బాగా అక్షరాలు వేసే సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ మామూలు దస్తూరీ చదవాలంటే మేం తంటాలు పడేవాళ్లం. గోడ గీసినట్టే అక్షరాన్ని కూడా గీస్తాం. అందుకే మేం అక్షరాలు "వేయడం" అంటాం, "రాయడం" అనం.

నీ షీటులో అసలు లోపం ఎక్కడుందో చెప్తాను. "బెడ్‌రూమ్" అన్న మాటలో మొదటి అక్షరం కంటే చివరి అక్షరం చిన్నది, పైగా మాటంతా కుడివైపుకి ఎక్కిపోయింది. అంటే గైడ్ లైన్లు గీయలేదు, కంటి అంచనాతో వేసేశావు. అలా ఎప్పుడూ చేయకు. నలభై ఏళ్లు బోర్డు ముందు కూర్చున్న నేను కూడా ఒక్క మాట వేయాలన్నా పైన ఒక గీత, కింద ఒక గీత గీసుకున్నాకే పెన్సిల్ ఆనించాను. 2హెచ్ పెన్సిల్‌తో, చేయి చాపినంత దూరం నుంచి చూస్తే కనబడనంత పలచగా గీయి. వాటిని చెరపక్కర్లేదు. చెరపబోతే అక్షరాలు కూడా మసకబారతాయి. పలచటి గైడ్ లైన్లు షీటుకి అందమే.

అక్షరాల ఎత్తుకి లెక్క ఉంది. 2.5, 3.5, 5, 7, 10 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి దాని ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఈ వింత అంకెలు ఎందుకా అని నేను కూడా మొదట్లో అనుకునేవాణ్ణి. ఏ2 సైజు షీటుని ఏ3 సైజుకి తగ్గిస్తే ప్రతి కొలతా సరిగ్గా అంతే తగ్గుతుంది. 3.5తో వేసిన అక్షరం 2.5 అవుతుంది, ఇంకా చదవగలం. అదే 2.5తో వేసి ఉంటే తగ్గించాక భూతద్దం కావాలి. నీ షీటుకి గదుల పేర్లు 5, కొలతలూ నోట్సూ 3.5, టైటిల్ 7 లేదా 10 పెట్టుకో. ఒకే షీటులో మూడు ఎత్తులు మించనీయకు.

పెన్సిల్ సంగతి. అక్షరాలకి హెచ్‌బీ లేదా హెచ్ చాలు. ముల్లు బాగా చెక్కి, చిత్తుకాగితం మీద రెండుసార్లు తిప్పి మొనని కాస్త మొద్దు చెయ్యి. సూదిమొన అయితే మొదటి గీతకే విరిగి షీటు మీద నల్లమచ్చ వదులుతుంది. రెండు గీతలకొకసారి పెన్సిల్‌ని వేళ్ల మధ్య కొంచెం తిప్పుతూ ఉండు, మొన ఒకవైపే అరిగిపోదు. గీత ఎప్పుడూ పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి లాగాలి. నెట్టకూడదు. గీత మొదట్లోనూ చివర్లోనూ మొనని ఒక్క క్షణం గట్టిగా ఆనించు. రెండు కొసలూ నల్లగా తేలితే అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది. మంచి షీటులో నువ్వు చూసే ఆ నిబ్బరం చాలావరకు ఆ కొసల్లోనే ఉంటుంది.

ఇంకో సంగతి నా అనుభవంలో గమనించాను. చిన్నప్పటినుంచి తెలుగు దిద్దిన చేయి గుండ్రాలకి అలవాటు పడి ఉంటుంది. సున్నా చుట్టమంటే ముచ్చటగా చుడుతుంది కానీ నిట్టనిలువు గీత అనేసరికి తడబడుతుంది. నీ "ఎన్" చూడు, మధ్య ఏటవాలు గీత పొట్ట తిరిగింది. కాబట్టి ఏ నుంచి జడ్ వరకు వరసగా సాధన చేయకు. ముందు ఐ, ఎల్, టీ, హెచ్, ఎఫ్, ఈ. ఇవన్నీ నిలువులూ అడ్డాలే. అవి కుదిరాక ఏ, వీ, ఎన్, కే లాంటి ఏటవాలువి. గుండ్రటివి ఆ తర్వాత. ఎస్ అన్నిటికంటే చివర, అది అందరినీ ఏడిపిస్తుంది. నిలువు గీత వంకర పోతుంటే టీ స్క్వేర్ (టీ ఆకారపు పొడుగు స్కేలు) మీద చిన్న సెట్ స్క్వేర్ ఆనించి దాని అంచుతో లాగు, అడ్డగీతలు మాత్రం చేత్తోనే వెయ్యి. చాలామంది సీనియర్లు అలాగే చేసేవాళ్లు, సిగ్గుపడాల్సిన పనేం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, అక్షరాల మధ్య ఖాళీ. నువ్వు స్కేలు పెట్టి ప్రతి అక్షరం మధ్యా 2 మిల్లీమీటర్లు వదిలినట్టున్నావు. కష్టపడ్డావు కానీ కంటికి సమానంగా కనబడలేదు కదా? ఖాళీని దూరంతో కొలవరు తల్లీ, రెండు అక్షరాల మధ్య తెల్లగా మిగిలిన జాగాతో కొలుస్తారు. "టాయిలెట్" అన్న ఇంగ్లిష్ మాటనే తీసుకో. మొదటి టీ చెయ్యి కింద బోలెడు ఖాళీ, ఓ మూలలు గుండ్రం, కాబట్టి ఓని దగ్గరికి జరుపు. తర్వాత ఐ, ఎల్. రెండు నిలువు గీతలు పక్కపక్కన నిలబడతాయి, ఈ మాటలో అందరికంటే ఎక్కువ ఎడం వాటికే ఇవ్వాలి. ఎల్ పాదం పైన మళ్లీ ఖాళీ ఉంది, ఈని దాని పాదం కొసకి దగ్గరగా తే. చివరి టీని కూడా కాస్త దగ్గరికి లాగు. వేశాక షీటుని తలకిందులుగా తిప్పి చూడు. అప్పుడు కన్ను మాటని చదవడం మానేసి ఖాళీలని చూస్తుంది. ఎక్కడ కిక్కిరిసిందో, ఎక్కడ పళ్లూడిన నోరులా ఉందో ఇట్టే తెలిసిపోతుంది. మాటకీ మాటకీ మధ్య ఒక ఓ పట్టేంత జాగా వదిలితే చాలు.

అంకెలని తేలిగ్గా తీసుకోకు. ఇది నా వల్ల జరిగిన పొరపాటు, మనసులో ఇప్పటికీ మెదులుతుంది. పనిలో చేరిన రెండో ఏడు, ఒక ఇంటి ప్లానులో కిటికీ వెడల్పు 1350 మిల్లీమీటర్లు వేశాను. త్వరగా ముగించాలన్న టెన్షన్‌లో 3 కొసలు రెండూ లోపలికి మడత పడ్డాయి. సైటుకి పంపే నకలు, అమ్మోనియా ప్రింటు, తీసేసరికి గీత ఊరి ఆ 3 కాస్తా 8 అయింది. మేస్త్రీ 1850 ఖాళీ వదిలి గోడ కట్టి లింటెల్ కూడా పోయించేశాడు. వడ్రంగి మాత్రం షెడ్యూల్, అంటే తలుపులూ కిటికీల కొలతల పట్టిక, చూసి 1350 ఫ్రేమే చేసి తెచ్చాడు. అర మీటరు సందులో ఇటుకలు పేర్చి పూడుస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. ప్రింటు నా ముందు పరిచి ఆ అంకె మీద వేలు పెట్టాడంతే. అప్పటినుంచి 3 కొసలు బాగా తెరిచి ఉంచుతాను, 6కీ 9కీ పొట్ట పెద్దది చేస్తాను, 1కి తోక పెట్టను, 7 తల తిన్నగా, అడ్డంగా గీస్తాను. నువ్వు వేసే అంకెని ఎండలో, సిమెంటు చేతులతో, నలిగిపోయిన ప్రింటు మీద ఒకరు చదువుతారని గుర్తు పెట్టుకో. నిలువు కొలతల అంకెలు షీటు కుడివైపు నుంచి చదివేలా ఉండాలి. నువ్వు రెండుచోట్ల ఎడమవైపుకి తిప్పావు.

ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పని వచ్చే సెమిస్టర్‌లో అనుకుంటాను. అప్పటికి వివరంగా చెప్తాను కానీ, చేతి కింద ఎప్పుడూ ఒక తెల్లకాగితం పెట్టుకో. మీ విజయవాడ ఎండలకి చెమట తగిలిందంటే ట్రేసింగ్ ముడతలు పడుతుంది. తప్పు పోతే సగం బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటుని గోరు వెనకవైపుతో నున్నగా రుద్దాకే మళ్లీ ఇంకు వెయ్యి. లేకపోతే ఇంకు పాకుతుంది.

"అన్నీ ఆటోక్యాడ్‌లో అయిపోతుంటే ఇదెందుకు" అని మీ నాన్న అడిగాడట. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆ ఆటోక్యాడ్‌లోనే "సిటీ బ్లూప్రింట్" అని ఒక ఫాంటు ఉంది, మా లాంటి వాళ్ల చేతి అక్షరాల పోలికతో చేసింది. దాన్ని పెట్టుకున్నా ఎక్కడ ఏ ఎత్తు వాడాలో, ఏ మాట చుట్టూ ఎంత తెలుపు వదలాలో నీ కన్నే చెప్పాలి. ఇక సైటులో మేస్త్రీ మెట్ల దగ్గర సందేహం అడిగితే, చేతిలో ఉన్న కాగితం మీద అప్పటికప్పుడు గీసి కొలతలు వేసి ఇవ్వాలి. అక్కడ కంప్యూటర్ ఉండదు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. గంటలకొద్దీ కూర్చుంటే చేయి బిగుసుకుపోయి చివరి వరసలు పాడవుతాయి. మొదటి వారం గ్రాఫ్ కాగితం మీద 5 మిల్లీమీటర్ల ఎత్తుతో, తర్వాత బటర్ పేపర్ మీద 3.5తో. విడి అక్షరాలు పేజీలకి పేజీలు వేయకు, విసుగొస్తుంది. ప్లానులో నిజంగా వచ్చే మాటలే వెయ్యి: కిచెన్, లివింగ్, సిటౌట్, 3000 బై 3600. ప్రతి కాగితం మీద తేదీ వేసి దాచు.

నా పాత క్లచ్ పెన్సిల్ శనివారం మీ నాన్న చేత పంపిస్తున్నాను. 2 మిల్లీమీటర్ల ముల్లు, హెచ్ వేసి ఉంది. పట్టు దగ్గర కొంచెం అరిగింది, అది నా వేళ్ల అరుగుదల, నీకు ఇబ్బంది పెట్టదు. మొదటి వారం కాగితాలు ఫోటో తీసి పంపకు, కవర్లో పెట్టి పోస్ట్ చెయ్యి. గీత ఎంత నొక్కావో వెనకనుంచి వేలితో తడిమి చూడాలి నేను.

నీ పెదనాన్న