ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తానంటున్న మా చెల్లెలి కూతురికి

నెల్లూరు

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెగ్యులర్‌గా చదవాలా, దూరవిద్యలో కట్టేసి ఏదైనా ఉద్యోగం చూసుకోవాలా, ఏ ఎంట్రన్సులు రాయాలి, బీఈడీ చెయ్యమంటున్న నాన్నకు ఏం చెప్పాలి అని ఒక్క ఊపిరిలో అడిగేశావు. ఫోనులో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. చదివాక మీ నాన్నకూ వినిపించు.

ముందుగా అసలు మాట చెప్పేస్తా. ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఎక్కడ చేయాలో తేల్చుకునేటప్పుడు అక్కడ ఫీల్డ్‌వర్క్ ఎలా నడుస్తుందో చూడు. మిగతావన్నీ తర్వాత. ఈ చదువులో వారానికి దాదాపు రెండు రోజులు తరగతి గదిలో ఉండవు. ఏదో ఆసుపత్రిలోనో, బాలల సంరక్షణ గృహంలోనో, కాలనీలోనో ఉంటావు. తిరిగొచ్చి రిపోర్టు రాస్తావు. ఆ రిపోర్టు మీద నీ సూపర్‌వైజర్ నీతో కూర్చుని మాట్లాడాలి. చదువులో సగం అదే. రిపోర్టు చదవకుండా సంతకం పెట్టే చోట చేరితే, డిగ్రీ చేతికొస్తుంది, పని రాదు.

ఇది నాకెలా తెలిసిందో చెబుతా. మొదటి ఏడాది అయ్యాక ఎండాకాలంలో నన్ను నెల రోజులు సొంత జిల్లాలోనే ఒక యానాది గిరిజనుల కాలనీకి పంపారు. రిపోర్టులు వారానికోసారి పోస్టులో మా సూపర్‌వైజర్ మేడమ్‌కి పంపాలి. మొదటి రిపోర్టులో నేను "వీరిలో చైతన్యం లేదు, పిల్లలను బడికి పంపాలన్న ఆసక్తి లేదు" అని రాశాను. బాగా రాశానని సంబరపడ్డాను కూడా. వారానికి ఆ కాగితం తిరిగొచ్చింది. ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన మూడు ప్రశ్నలు రాశారు. "ఎవరితో మాట్లాడావు? ఎంతసేపు? ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి మీద ఏముంది?"

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెళ్లాను. ఈసారి పుస్తకం సంచిలోనే ఉంచి ఒక గుడిసె ముందు కూర్చున్నాను. పొయ్యి మీద నూకల గంజి ఉంది. పదేళ్ల పిల్లాడు ఇంట్లో లేడు, తండ్రితో పాటు ఆసామి నిమ్మతోటలో కాపలా ఉన్నాడు. ఆ తల్లిదండ్రుల పెళ్లికి ఆసామి దగ్గర తెచ్చిన అప్పు తీరేదాకా ఆ ఇంటిల్లిపాదీ అక్కడే చాకిరీ చేయాలట. ఎంత తెచ్చారో, ఎంత తీరిందో ఆ తల్లికి తెలియదు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం గురించి పరీక్షలో పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. అదే వెట్టి నా కళ్ల ముందు గంజి కాస్తుంటే గుర్తుపట్టలేక, చైతన్యం లేదని రాశాను. ఆ ఎర్రసిరా ప్రశ్నలు లేకపోతే ఉద్యోగంలో చేరాక కూడా అలాగే రాస్తూ ఉండేదాన్ని.

అందుకని దరఖాస్తు పెట్టే ముందు ఆ డిపార్టుమెంటులో ఇప్పుడు చదువుతున్న పిల్లలను ఇద్దరినైనా పట్టుకుని మాట్లాడు. పోయిన సెమిస్టర్లో ఫీల్డ్‌వర్క్‌కి ఎక్కడికి వెళ్లారు? మీ రిపోర్టు ఎవరు చదివారు, చదివి ఏమన్నారు? గ్రామీణ క్యాంపుకి ఏ ఊరు తీసుకెళ్లారు, అక్కడ ఎన్ని రాత్రులు పడుకున్నారు? తడుముకోకుండా చెబితే మంచి చోటు. "ఏదో సర్టిఫికెట్ తెచ్చి ఇస్తే సరిపోతుందక్కా" అన్నారంటే అది ఎంత పేరున్న చోటైనా నీకు వద్దు.

ఇక దారుల సంగతి.

మన రాష్ట్రంలోని యూనివర్సిటీలకు పీజీ ఎంట్రన్స్ ఏపీ పీజీసెట్ రాయాలి. సోషల్ వర్క్‌కి హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ పేపరు, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. నీకు దగ్గరలో కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. నా దగ్గరుండి బస్సులో వెళ్లి రావచ్చు. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, ఆడపిల్లవని మీ నాన్న భయపడుతుంటే ఆయన మనసు కుదుటపడేది అక్కడే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ దూరమే కానీ, ఫీల్డ్‌వర్క్‌కి ఆ ఊరు పెట్టింది పేరు. కేజీహెచ్ పెద్దాసుపత్రి ఉంది, మానసిక వైద్యశాల ఉంది, పోర్టు, ఫ్యాక్టరీలు, మత్స్యకారుల వాడలు, కొండవాలు బస్తీలు, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి.

ఇక్కడ నీకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా విను. సింగరాయకొండకీ కావలికీ మధ్య రైల్లో గట్టిగా గంట ప్రయాణం కూడా లేదు. కానీ అడ్మిషన్ల లెక్కలో ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోకి, నెల్లూరు జిల్లా వెంకటేశ్వరా యూనివర్సిటీ ఏరియాలోకి వస్తాయి. సీట్లలో 85 శాతం ఆయా ఏరియా లోకల్ వాళ్లకే. నువ్వు బడి, ఇంటర్ సింగరాయకొండలో, డిగ్రీ కావలిలో చదివావు. ఏ ఏరియాకి లోకల్ అవుతావో ఎక్కడ ఎన్నేళ్లు వరుసగా చదివావన్నదాన్ని బట్టి తేలుస్తారు. కాబట్టి స్టడీ సర్టిఫికెట్లు అన్నీ, ఒక్క ఏడాది కూడా తప్పకుండా, ఇప్పుడే తెచ్చి పెట్టుకో. కౌన్సెలింగ్ రోజున హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడని ఏడ్చిన పిల్లలను నేను చూశాను.

రెండో దారి సీయూఈటీ పీజీ. దేశమంతటికీ కలిపి ఒకటే పరీక్ష. ఇది మన పీజీసెట్ కంటే ముందే, డిగ్రీ ఆఖరి సెమిస్టర్ జరుగుతుండగానే వచ్చేస్తుంది. దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటారు, డిగ్రీ అయ్యాక చూద్దామంటే ఏడాది పోతుంది. సోషల్ వర్క్‌కి విడిగా పేపరు ఉంది, తప్పు జవాబుకి మార్కు కోస్తారు. టిస్‌కి, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి, వెళ్లాలంటే ఇదే దారి. మన దేశంలో సోషల్ వర్క్ చదువు మొదలైందే అక్కడ, 1936లో, బొంబాయిలో. హైదరాబాదులోనూ వాళ్ల క్యాంపస్ ఉంది. పుదుచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది. ఈ సీయూఈటీ దారికి మీసేవలో తీసుకునే మామూలు బీసీ సర్టిఫికెట్ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మన రాష్ట్రంలో బీసీ అయిన కులం కేంద్రం జాబితాలో లేకపోవచ్చు కూడా, మీ కులం ఉందో లేదో ముందే చూడమని నాన్నతో చెప్పు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు, సంక్రాంతి లోపే ఆ పని పెట్టుకోండి.

మూడోది చెన్నై. ఎగ్మూరులో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1952 నుంచి ఉంది, లయోలా కాలేజీ ఉంది. వాళ్లకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. నెల్లూరు వాళ్లకు చెన్నై పక్కూరితో సమానమని అందరూ అంటారు. నిజమే, చీరలు కొనడానికి, ఆసుపత్రికి పోవడానికి సమానమే. కానీ నువ్వు ఒక బస్తీలో కూర్చుని ఒక తల్లి కష్టం వినాలి. ఆమె అరవంలో చెబుతుంది. సూళ్లూరుపేట పిల్లయితే సగం అర్థం చేసుకుంటుంది, నీకు "సాప్పిట్టాచ్చా" (తిన్నావా) దాటి రాదు. పక్కన ఇంకొకరు తర్జుమా చేసి చెబితే వచ్చేది సమాచారమే తల్లీ, ఆమె ఎక్కడ ఆగిందో, ఏ మాట మింగేసిందో నీకు చేరదు. మొదటి రెండేళ్లు నీ భాషలో వినడం నేర్చుకో అనేది నా అభిప్రాయం. ఆ తర్వాత ఏ దేశమైనా వెళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి కూడా రాష్ట్రం దాటే ముందు రూఢిగా కనుక్కోవాలి.

ఇక దూరవిద్య. ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీలో, ఎమ్మెస్‌డబ్ల్యూ మంచి కోర్సే. రెండేళ్ల కోర్సు, నాలుగేళ్లలోపు పూర్తి చేయొచ్చు. పుస్తకాలు శ్రద్ధగా రాసినవి, నేనూ కొన్ని తెప్పించుకుని చదివాను. అందులోనూ ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. తెలుగు మీడియం లేదు, అసైన్‌మెంట్లు ఇంగ్లిషులోనో హిందీలోనో రాయాలి. నాతో పనిచేసిన ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజర్ అలాగే చదివి చాలా పైకొచ్చింది. కానీ ఆమెకి అప్పటికే పాతిక ఊళ్లు, పన్నెండేళ్ల అనుభవం ఉన్నాయి. రోజంతా చేసే పనికి పుస్తకంలో పేరు దొరుకుతుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. నీకు ఇరవై ఒకటి. ఫీల్డు చూడలేదు, పక్కన కూర్చుని తప్పు దిద్దే మనిషి కావాలి. ఇంట్లో ఉద్యోగం చేయక తప్పని పరిస్థితి వస్తే తప్ప దూరవిద్య వైపు పోవద్దు. పోవాల్సి వస్తే మాత్రం, యూజీసీ దూరవిద్య గుర్తింపు ఉందా, దగ్గర్లోని స్టడీ సెంటర్లో ఈ కోర్సు నడుస్తోందా, అక్కడ ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ ఎవరు అని చూసుకునే డబ్బు కట్టు. "ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాం" అని ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడనే వద్దు.

తమ్ముడి సంగతి అడిగావు. ఇంటర్ తర్వాత సోషల్ వర్క్ డిగ్రీ బీఎస్‌డబ్ల్యూ మన వైపు అరుదు. ఎమ్మెస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, వాడిని ఇష్టమైన డిగ్రీ చదవనీ.

నువ్వు పంపిన ఎస్‌ఓపీ, ఈ చదువు ఎందుకు కావాలో దరఖాస్తుతో రాసే వ్యాసం, చదివాను. "సమాజానికి సేవ చేయాలన్నది చిన్నప్పటి నుంచి నా కల" అని మొదలుపెట్టావు. ఆ మాట ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది, తీసేయ్. పాకల ఊళ్లో నీతో చదివిన పిల్ల ఎనిమిదో తరగతిలో బడి మానేసిందని నాకు ఒకసారి చెప్పావు, గుర్తుందా? వాళ్లమ్మ తెల్లారుజామునే రొయ్యల షెడ్డుకి పోతే, చంటిపిల్లాడిని చూసుకోవడానికి ఈ పిల్ల ఆగిపోయింది. నువ్వు మూడు రోజులు వాళ్లింటికి వెళ్లి నోట్సు ఇచ్చి, నాలుగో రోజు మానేశావు. అది రాయి. ఎందుకు మానేశావో కూడా దాచకుండా రాయి. ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు, నీ దగ్గర చెప్పడానికి నిజమైన మాట ఉంటుంది.

స్పెషలైజేషన్ ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. అందరూ హెచ్ఆర్ వైపు పరుగెడతారు. పెద్ద ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని చట్టమే చెబుతోంది కాబట్టి ఆ ఉద్యోగాలు ఉంటాయి. అది తక్కువ పని అని నేను అనను. మానసిక ఆరోగ్యం వైపు వెళ్తే ఎమ్మెస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఆ పైన రెండేళ్ల ప్రత్యేక శిక్షణ ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి పేరున్న చోటు. నీకు పిల్లల మీద మనసు ఉందని నాకు తెలుసు. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో, పిల్లల 1098 హెల్ప్‌లైన్‌లో, హింసకు గురైన ఆడవాళ్లకైతే వన్ స్టాప్ సెంటర్లలో సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు ఉంటారు. దాచకుండా చెబుతున్నా, వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. జీతం తక్కువ, కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది. మొదటి ఐదేళ్లు కష్టంగానే గడుస్తాయి. నాకూ అలాగే గడిచాయి.

మీ నాన్నతో గొడవ పడొద్దు. బీఈడీ చేస్తే డీఎస్సీ రాయొచ్చని ఆయన అనేది నీ మీద ప్రేమతోనే, ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆయనకి ఒకటి గుర్తు చెయ్యి. 1992లో మన కలిగిరి పక్కన దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఆయనకి బాగా తెలుసు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు, వాచకంలోని సారా పాఠం మీద మాట్లాడుకుంటూ అక్కడి నుంచి లేచారు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అలా పదిమందిని కూర్చోబెట్టి, వాళ్ల మాట వాళ్లే మాట్లాడుకునేలా చేయడం మా చదువులో ఒక పాఠం. దానికి ఓపిక కావాలి, పద్ధతి తెలియాలి. నువ్వు నేర్చుకోబోయేది అదేనని ఆయనకి చెప్పు. ఇంకా ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు.

వచ్చే ఆదివారం పొద్దున రైలుకి రా. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ సెమిస్టర్ మార్కులు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ ఒక ఫైల్లో పెట్టుకుని తీసుకురా. ఎస్‌ఓపీ కొత్తగా రాసుకుని రా, ఎర్ర పెన్ను నేను కొని పెడతాను. సింహపురిలో రెండో ఏడాది చదువుతున్న పిల్లలు ఇద్దరు నాకు తెలుసు, సాయంత్రం ఇంటికి రమ్మన్నాను. అడగాల్సినవి వాళ్లనే అడుగు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ