పిన్ని నిద్రమాత్ర మీకెందుకమ్మా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. గుంటూరులో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సెమిస్టర్ పరీక్షలు ఉన్నట్టుండి నెల రోజులు వాయిదా పడ్డాయి. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చాను. ఈ సమయం దేవుడిచ్చిందేనని నమ్మి ఆయనకే వదిలేయాలని ఉంది. కానీ ఊరికే కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను, రోజూ సాయంత్రం దాకా ఏమీ తినను. రాత్రి రెండైనా నిద్ర రాదు, గుండె దడ. పది రోజులుగా మా పిన్ని వాడే ఆల్ప్రాజోలమ్ సగం ముక్క వేసుకుంటున్నాను. నాలో విశ్వాసం తక్కువై ఇలా అవుతోందా?

జవాబు: ముందు ఆ సగం ముక్క సంగతి. ఆ మాత్ర మీ పిన్నిగారికి ఆవిడ వయసు, జబ్బు, మిగతా మందులు చూసి ఒక డాక్టర్ రాసింది. మీకెవరూ రాయలేదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. అంత కట్టుదిట్టం ఎందుకంటే కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటైపోతుంది. సగం చాలక ఒకటి, ఒకటి చాలక రెండు. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా. ఓపీలో ఇలాంటివాళ్లు తరచూ కనిపిస్తారు. అమ్మదో అత్తదో స్ట్రిప్, సగమే కదా అన్న ధైర్యం. చదువుకున్న పిల్లలే ఇలా చేస్తే బాధగా ఉంటుంది.

మోతాదు పెంచకండి. పది రోజులే కాబట్టి మానడం పెద్ద కష్టం కాకపోవచ్చు. అయినా స్ట్రిప్ తీసుకెళ్లి దగ్గర్లోని ఫిజీషియన్‌కు చూపించి, వాళ్లు చెప్పినట్టే ఆపండి. ఈలోగా మత్తు వచ్చే దగ్గు మందు, జలుబు మాత్ర దీంతో కలపొద్దు.

దడ అంటే టెన్షనే అని తీర్మానించుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మిమ్మల్ని చూడకుండా ఇదీ కారణం అని చెప్పలేను. సీబీపీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఒక ఈసీజీ చేయించండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే, నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. టీ, కాఫీల సంగతి రాయలేదు. ఖాళీ కడుపున తాగుతుంటే దడకు అదీ తోడవుతుంది. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర రాకపోవడం విశ్వాసం తగ్గినందుకు గుర్తు కాదు. నెలల తరబడి పరీక్షల కోసం పరుగెత్తిన మనిషికి తేదీ వాయిదా పడగానే మనసు నిలవదు. దేవుడికి వదిలేశానంటూనే ప్రతి గంటకూ ఆయనకు లెక్క చెప్పాలని చూస్తున్నారు మీరు. బైబిల్లో అలసిపోయి, ఇక చాలు, చనిపోతే బాగుండనుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దేవుడు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. మీకూ ఇప్పుడు భోజనం, నిద్ర ముందు. పైన చెప్పిన వైద్య పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా ఉపవాసం ఆపండి. మీ పాస్టరుగారిని అడిగినా కాదనరనుకుంటాను. ప్రార్థన అన్నం తిన్నాకా చేసుకోవచ్చు.

ఎప్పుడు పడుకున్నా పొద్దున్నే ఒకే టైముకి లేవండి. పగలు నిద్ర వద్దు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రిపూట కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

పిన్నిగారికీ ఈ సంగతి చెప్పండి. మీరు తీసిన మాత్రల వల్ల ఆవిడ డోసు మధ్యలో ఆగిపోతే, ముందు ప్రమాదం ఆవిడకే.