బోరివలి అడవిలో శాతవాహన రాజు పేరు

ప్రశ్న: సంక్రాంతి తర్వాత ముంబయిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. బోరివలిలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కు చూడాలని మనవడి పట్టుదల. మా వారికి మోకాళ్ళ నొప్పులు. పైగా అక్కడ చిరుతలు తిరుగుతాయట, నాకు అదో టెన్షన్. ఒక్క పూటలో ఏం చూడొచ్చు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా వెళ్ళండమ్మా. నేను ఇరవై ఏళ్ళుగా ఆ అడవి పక్కనే ఉంటున్నాను. సోమవారం మాత్రం వద్దు, సెలవు. ఊరి మధ్యలో 100 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి అది, ఒక్క పూటలో అంతా చూడలేరు. గేటు దగ్గరే పొద్దు పుచ్చకుండా పొద్దున్నే లోపలి బస్సెక్కి కొండరాతిలో తొలిచిన కన్హేరీ బౌద్ధ గుహలకు పొండి. ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. గుహలకు టికెట్ వేరే.

అక్కడ నూటికి పైగా గుహలున్నాయి. మీరు మూడో నంబరు గుహ చూస్తే చాలు, మొదట్లోనే వస్తుంది. వరండాలో అటూ ఇటూ ఏడు మీటర్ల ఎత్తున బుద్ధుడు నిలబడి ఉంటాడు. అక్కడే శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున్న శాసనం, పాతకాలపు బ్రాహ్మీ లిపిలో ఉంది. ఆ రాజు శాసనమే మన కోస్తాలోని చినగంజాంలోనూ దొరికింది. ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా ఒకే రాజు పేరు! అరిగిపోయిన ఆ గీతల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకొకటి, నీళ్ళ ఏర్పాటు చూడండి. కొండ మీద పడిన వాన వృథా పోకుండా రాతిలో సన్నటి కాలువలు తొలిచి, గుహల పక్కన తొట్లలోకి మళ్ళించారు. మా అమ్మను తీసుకెళ్ళినప్పుడు వంగి ఆ కాలువలో చెయ్యి పెట్టి, "అచ్చం మన పొలం బోదెలా ఉందే" అంది.

చిరుతలు ఉన్న మాట నిజమే. జనం నడిచే దారి వదిలి పొదల్లోకి వెళ్ళకండి, చీకటి పడకముందే బయటికి వచ్చేయండి. అసలు జాగ్రత్త కోతులతో. తినేవి చేతిలో కనబడితే లాక్కుంటాయి.

మీ వారు పైకి ఎక్కలేకపోతే మూడో గుహలోనే కూర్చోబెట్టండి, చల్లగా ఉంటుంది. లోపల కొన్ని స్తంభాల తలల మీద ఏనుగులు చెక్కారు, కొన్నిటి పని సగంలోనే ఆగిపోయింది. ఏవి పూర్తయ్యాయో తాతా మనవడూ కలిసి లెక్కపెట్టుకుంటారు.