ప్రాంతమా, విస్తీర్ణమా?

సందేహం: తాంబరం దగ్గర మాకు ఒక గ్రౌండు (ఇక్కడి స్థలాల కొలత, 2,400 చదరపు అడుగులు) స్థలం ఉంది. కంప్యూటర్‌లో పటం మీద దాని హద్దులు గీస్తే, తెలుగు తెరపై 'ప్రాంతం: 2,528 చదరపు అడుగులు' అని వచ్చింది. దస్తావేజులో ఉన్నది 2,400. ఇక్కడ 'ప్రాంతం' సరైన మాటేనా? వైశాల్యం అనాలా, విస్తీర్ణం అనాలా?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: 'ప్రాంతం' ముమ్మాటికీ కాదమ్మా. సంస్కృతంలో దానికి అంచు, కొస అని అర్థం. తెలుగులో ఫలానా చోటు. చోటును కొలుస్తాం గాని, కొలిస్తే వచ్చిన లెక్కను చోటు అనం. ఇంగ్లీషులో రెండింటికీ 'ఏరియా' అని ఒకే మాట ఉందని యంత్రం పొరబడింది సరే, ఒక తెలుగువాడైనా చదివి చూడకుండా దాన్ని తెర మీదికి వదలడం తప్పు కాదా?

నాకు ఇష్టమైన మాట విస్తీర్ణం. సంస్కృతంలో 'స్తౄ' ధాతువుకు పరచడం అని అర్థం. 'జౄ' నుంచి జీర్ణం వచ్చినట్లే దీని నుంచి స్తీర్ణం వచ్చింది. మనం అన్నానికి వేసే విస్తరి కూడా ఈ ఇంటిదే. మాటలు పెరిగితే విస్తరం, వస్తువు పరుచుకుంటే విస్తారం అని పాణిని విడదీశాడు. విస్తీర్ణం క్తాంతం, అంటే ధాతువుకు 'క్త' ప్రత్యయం చేరి 'పరుచుకున్న' అనే అర్థమిచ్చే విశేషణం. దాన్ని నామంగా వాడకూడదని అభ్యంతరం చెప్పేవారున్నారు. కన్నడిగులూ మనమూ ఎప్పుడో నామం చేసుకున్నాం, ఇక వెనక్కి తీసుకోలేం. మీ ఊళ్ళో పట్టా తీసి చూడండి: 'పరప్పు' అని ఉంటుంది. మన పరచు, పరుపు పుట్టిన ధాతువే అది. నేల అంటే పరుచుకుని ఉన్నదన్న ఊహ అరవంలోనూ ఉంది, సంస్కృతంలోనూ ఉంది. ఇంత చక్కని పోలికను పక్కన పెట్టి 'ప్రాంతం' అనడానికి మనసెలా ఒప్పుతుంది?

వైశాల్యం విశాలత్వమే. లెక్కల పుస్తకాల్లో త్రిభుజానికీ వృత్తానికీ స్థిరపడింది. క్షేత్రఫలం హిందీవారికి వాడుక.

అంకె తేడాకూ ఈ పరచడమే కారణమై ఉంటుంది. గుండ్రని భూమిని మెర్కేటర్ పద్ధతిలో బల్లపరుపుగా పరిస్తే, భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ నేల సాగి కనిపిస్తుంది. చెన్నై ఉన్న 13వ అక్షాంశం దగ్గర ఆ సాగుడు 5 శాతం పైచిలుకు. 2,400 కాస్తా 2,528 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎలిప్సాయిడ్ (కాస్త నొక్కుకున్న గోళంలాంటి భూమి ఆకారం) మీద కొలిచే ఏర్పాటు ఉంటే అది ఎంచుకోండి, లేదా పటాన్ని యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి పరిచే పద్ధతి)లో చెన్నై పడే 44వ మండలానికి మార్చి కొలవండి. గీత కూడా నిదానంగా గీయాలి. 40 అడుగులకు 60 అడుగుల స్థలంలో పొడుగు గట్టు ఒక్క అడుగు జరిగితే 60 చదరపు అడుగులు తేడా వస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారికి 'ప్రాంతం' తీసేయమని తప్పక రాయండి. నేలకు విస్తీర్ణమే నప్పుతుందని నా అభిప్రాయం. వారు వైశాల్యమని పెట్టినా తప్పని మాత్రం అనలేను.