ఫార్మాట్ కొట్టే ముందు ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకో

అమ్మలూ,

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటున్నాయని, విసుగొచ్చి ఫార్మాట్ కొట్టేద్దామనుకుంటున్నానని రాశావు. కాస్త ఆగు. తంటాలు పడైనా విండోస్ ఇంకా ఓపెన్ అవుతోంది కదా, అలా అవుతుండగానే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పూర్తిగా ఆగిపోయాక అవే పనుల కోసం ఇంకొకళ్ళ కంప్యూటర్ అడుక్కోవాల్సి వస్తుంది.

అన్నిటికంటే ముందు బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళం తాలూకు కీ. ఫార్మాట్ గురించి సలహాలిచ్చేవాళ్ళు చాలామంది దీని ఊసే ఎత్తరు. ఈమధ్య వచ్చే చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, మనల్ని పెద్దగా అడక్కుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా అందులోదంతా తాళంలోకి వెళ్తుంది. మామూలు రోజుల్లో ఆ సంగతే తెలియదు. ఎప్పుడో బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) ఏదో మార్చినప్పుడో, రికవరీ స్క్రీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవబోయినప్పుడో నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ కొట్టమంటుంది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అది లేకపోతే నీ ఫోటోలు డిస్క్‌లో ఉన్నా లేనట్టే, మైక్రోసాఫ్ట్ వాళ్ళని బతిమాలినా ఇంకో కీ తయారుచేసి ఇవ్వలేరు. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైసెస్‌లో రికవరీ కీ ఉందేమో చూడు. లేకపోతే, మొదట్లో ఆ లాప్‌టాప్ ఎవరు సెటప్ చేశారో గుర్తు తెచ్చుకో, కీ వాళ్ళ అకౌంట్‌లో ఉండే అవకాశం ఉంది. దొరికాక కాగితం మీద రాసుకో. ఆ కంప్యూటర్‌లోనే నోట్‌ప్యాడ్ ఫైల్‌గా దాచుకోకు తల్లీ, తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టే.

తర్వాత ఫైళ్ళు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఇవన్నీ మామూలుగా విండోస్ ఉండే సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్‌తో పాటే పోతాయి, డెస్క్‌టాప్ మీద కనిపిస్తున్నాయి కాబట్టి వేరే ఎక్కడో ఉన్నాయనుకోకు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, విడిగా వేసుకున్న ఫాంట్లు జనం మర్చిపోయే సరుకు. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తున్నా, చిన్న ఫైల్ కాపీకి కూడా బోలెడు సేపు పడుతున్నా గొడవ విండోస్‌ది కాకపోవచ్చు, డిస్కే పోతుండొచ్చు. అప్పుడు ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకుని పక్కన పెట్టెయ్. దాని మీద మళ్ళీ విండోస్ ఎక్కించి లాభం లేదు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ ఒకటే అనుకుని చాలామంది తికమక పడతారు. ఒకటి రికవరీ డ్రైవ్. స్టార్ట్‌లో ఆ పేరు టైప్ చేస్తే వస్తుంది, సిస్టమ్ ఫైల్స్ కూడా బ్యాకప్ చెయ్యమనే టిక్ తీసెయ్యకుండా ఉంచితే ఆ విండోస్‌ని మళ్ళీ ఎక్కించడానికి కావలసినవి అందులోకి వెళ్తాయి. కనీసం 16 జీబీ కావాలి, 32 తీసుకుంటే నిశ్చింత. కానీ నీ ఫైళ్ళు ఒక్కటీ అందులోకి రావు, పైగా దాంతో రీఇన్‌స్టాల్ చేస్తే కంప్యూటర్‌లో ఉన్న నీ ఫైళ్ళు కూడా పోతాయి. రెండోది ఇన్‌స్టలేషన్ మీడియా, మనవాళ్ళు బూటబుల్ పెన్‌డ్రైవ్ అనేది ఇదే. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉంటుంది, 8 జీబీ డ్రైవ్ చాలు, వేరే కంప్యూటర్‌కీ పనికొస్తుంది. రెంటిలోనూ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఖాళీది వాడు. ఒక్కటే చేసే ఓపిక ఉంటే నేనైతే రెండోదే చెయ్యమంటాను. ఎవరో యాక్టివేటర్‌తో (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ సాఫ్ట్‌వేర్‌తో) కలిపి ఇచ్చిన ఐఎస్ఓ, అంటే విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైల్, మాత్రం వద్దు, అందులో ఇంకా ఏం కలిపారో ఎవరికి తెలుసు? నీ లాప్‌టాప్ ఇప్పటికే యాక్టివేట్ అయి ఉంటే లైసెన్స్ సాధారణంగా ఆ హార్డ్‌వేర్‌కే ముడిపడి ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రొడక్ట్ కీ లేదని చెప్పి అదే ఎడిషన్ ఎంచుకుంటే నెట్ తగిలాక దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

చేశాక సొరుగులో పడేయకు, కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుందో లేదో, అంటే దాంతో మొదలవుతుందో లేదో చూడు. ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి: డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. భాష అడిగే స్క్రీన్ వచ్చిందంటే పని అయినట్టే, క్యాన్సిల్ కొట్టి బయటికొచ్చెయ్.

ఇంత చేశాక కూడా వెంటనే ఫార్మాట్‌కి దూకకు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఎందుకు? షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ మెనూ వస్తుంది. ఈమధ్య ఏదైనా డ్రైవరో సాఫ్ట్‌వేరో వేశాకే ఇది మొదలైతే, దానికి ముందు తేదీతో రిస్టోర్ పాయింట్ (విండోస్ అప్పటి స్థితిని దాచుకున్న గుర్తు) ఉందేమో చూసి సిస్టమ్ రిస్టోర్ కొట్టు, నీ ఫైళ్ళని అది ముట్టుకోదు. అప్‌డేట్ తర్వాత మొదలైతే ఆ అప్‌డేట్‌ని అక్కడి నుంచే తీసెయ్యొచ్చు. అదీ కుదరకపోతే రీసెట్ దిస్ పీసీ. కీప్ మై ఫైల్స్ అంటే ఫైళ్ళు ఉంటాయి గానీ నువ్వు వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే 4 జీబీ పైనే డేటా అవుతుంది, మొబైల్ నెట్ మీద పెట్టేటట్టయితే చూసుకో.

ఇవేవీ పనిచెయ్యనప్పుడే పెన్‌డ్రైవ్‌తో కొత్తగా ఎక్కించడం. ఆ రోజు ఎక్స్‌టర్నల్ డిస్క్ పీకేసి పక్కన పెట్టు. పార్టిషన్ల (డిస్క్‌లోని భాగాల) స్క్రీన్‌లో డ్రైవ్ 0 అని, దాని కింద 100 ఎంబీ ఒకటి, 16 ఎంబీ ఒకటి, పెద్దది ఒకటి, చివర రికవరీది ఒకటి, ఇంచుమించు ఇలా వరసగా కనిపిస్తాయి. అక్కడ పేర్లు సరిగ్గా ఉండవు, సైజుని బట్టే పోల్చుకోవాలి, బ్యాకప్ ఉన్న డిస్క్ కూడా ఆ వరసలో ఉంటే చెయ్యి జారడానికి ఒక్క క్లిక్ చాలు. ఒక్కోసారి ఆ లిస్ట్ ఖాళీగా వస్తుంది, టెన్షన్ పడకు. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో స్టోరేజ్ డ్రైవర్ ఇస్తే గానీ డిస్క్ కనిపించదు. ఆ డ్రైవర్, వైఫై డ్రైవర్ రెండూ నీ మోడల్ పేరు మీద కంపెనీ సైట్‌లో దొరుకుతాయి, ఇప్పుడే దించి అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. లేకపోతే విండోస్ ఎక్కాక వైఫై ఉండదు, వైఫై డ్రైవర్ కోసం నెట్ ఉండదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవాలి, అంటే ఫోన్ నెట్‌ని ఆ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇవ్వాలి.

ఇంకొకటి, నీది ఇంకా విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎలాగూ కొత్తగా ఎక్కించేటప్పుడు నీ మెషీన్ 11కి సరిపోతుందేమో చూసుకో, సరిపోతే అదే వేసెయ్.

ఈ రాత్రికి కీ వెతుకు. దొరికిందో లేదో నాకు మెసేజ్ పెట్టు, అప్పటిదాకా బయోస్ జోలికి వెళ్ళకు.

బాబాయ్