రేపు పొద్దున్నే 200 కిలోమీటర్ల రైడ్: ఈ రాత్రి సైకిల్‌కి ఏం చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు?

మీ పరిస్థితి ఇదీ: రేపు ఉదయం ఆరింటికి మీ మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. వెనక టైరులో గాలి రెండు రోజులకే తగ్గిపోతోంది. వెనక గేరు పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తోంది. కొత్త చైను కొని ఇంట్లో పెట్టుకున్నారు, ఈ రాత్రే వేసేద్దామా అని చూస్తున్నారు. షాపులు మూసేశారు. టెన్షన్ పడకండి, ఇదంతా ఇంట్లో అయ్యే పనే. నేను చాలా ఏళ్లుగా బ్రెవేలు తొక్కుతున్నాను. రైడ్ ముందు రాత్రి మా వరండాలో ఒకటో రెండో సైకిళ్లు రిపేరులో ఉండటం మా ఇంట్లో మామూలే.

ముందు చైను సంగతి. దాన్ని డబ్బాలోనే ఉంచండి. చైను అరిగేకొద్దీ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం పెరుగుతుంది. వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి, అంటే క్యాసెట్, దాని పళ్లు కూడా ఆ దూరానికి తగ్గట్టే అరుగుతాయి. కలిసి అరిగిన ఆ రెండూ కలిసి బాగానే నడుస్తాయి. అరిగిన క్యాసెట్ మీద కొత్త చైను వేస్తే పళ్లలో సరిగ్గా కూర్చోదు, అప్ ఎక్కేటప్పుడు పెడల్ మీద బలం పెట్టగానే జారుతుంది. మా కాలనీ కుర్రాడొకడు ఇలాగే రైడ్ ముందురోజు మధ్యాహ్నం కొత్త చైను వేయించుకుని, రాత్రి ఎనిమిదింటికి మా ఇంటికొచ్చాడు. "ఫ్లైఓవర్ ఎక్కుతుంటే టక్కుమని జారుతోందన్నా, పడబోయాను" అన్నాడు. క్యాసెట్ చూస్తే అతను ఎక్కువగా వాడే మధ్య చక్రాల పళ్లు ఒకవైపు వాలిపోయి మొనదేలి ఉన్నాయి. అదృష్టం కొద్దీ పాత చైను పారేయకుండా కవర్లో పెట్టి తెచ్చాడు. అదే మళ్లీ తగిలించాం. మర్నాడు ఆ పాత చైనుతోనే 200 పూర్తి చేశాడు.

మీ చైను ఎంత అరిగిందో తెలుసుకోవాలంటే పిల్లల స్కూలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 12 అంగుళాల గీత దగ్గర చూడండి. కొత్త చైనుకైతే అక్కడ సరిగ్గా ఇంకో పిన్ను మధ్యభాగం ఉంటుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో 16వ వంతు పోయిందంటే మార్చే సమయం దగ్గరపడింది. 8వ వంతు పోయిందంటే చాలామటుకు క్యాసెట్ కూడా మార్చాల్సిందే. ఏదైనా సరే, రైడ్ అయ్యాకే. ఒక్క చైనే కాదు, కొత్త సీటు, కొత్త పెడల్స్, కొత్త బ్రేక్ రబ్బర్లు ఏవీ ఈ రాత్రి వేయకండి, పాతవి నిజంగా ప్రమాదకరంగా ఉంటే తప్ప. సీటు ఎత్తు అసలు మార్చొద్దు. అలవాటు లేని ఎత్తులో 200 కిలోమీటర్లు తొక్కితే మోకాళ్లు ఊరుకోవు.

ఇప్పుడు టైరు. మీ సమయంలో సగం దీనికే ఇవ్వండి, దారిలో రైడ్‌ను ఆపేది ఎక్కువగా ఇదే. వాల్వు మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేయండి. బుడగ లేస్తే లీకు వాల్వుదే, లోపలి పిన్ను బిగిస్తే సరిపోవచ్చు. బుడగ రాకపోతే ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా ముంచుతూ చూడండి. సన్నటి రంధ్రమైతే బుడగలు ఆగి ఆగి వస్తాయి, తొందరపడితే కనపడదు. దొరకగానే తడి తుడిచి బాల్ పెన్నుతో చుట్టూ గుర్తు పెట్టండి.

ఇక్కడే చాలామంది ప్యాచ్ వేసేసి పని అయిపోయిందనుకుంటారు. రంధ్రం ఎటువైపు ఉందో చూడటం అంతకంటే ముఖ్యం. ట్యూబు బయటి వైపు ఉంటే టైరులో ఏదో గుచ్చుకుని ఉంది. రిమ్ము వైపు ఉంటే రిమ్ములో స్పోకు రంధ్రాలను కప్పే టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు కోస్తోంది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లుంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి ట్యూబు నలిగింది. ట్యూబును టైరు పక్కన, వాల్వు దాని చోటుకే వచ్చేలా పరిస్తే రంధ్రానికి ఎదురుగా టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

వెతకడానికి వేలు కాదు, దూది వాడండి. టైరు లోపల దూదిని మెల్లగా రాస్తూ పోతే ముల్లు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. తుమ్మముల్లయితే సులువుగానే కనపడుతుంది. కష్టపెట్టేవి హైవే అంచున పడి ఉండే ఉక్కు తీగముక్కలు. లారీల రేడియల్ టైర్లు పగిలినప్పుడు చిమ్మేవి ఇవి, ఒక్కోటి అర సెంటీమీటరు కూడా ఉండదు. ఒక బ్రెవేలో నాతో తొక్కుతున్నాయన టోల్‌గేటు దాటాక రెండుసార్లు ట్యూబు మార్చారు. రెండుసార్లూ టైరులో చెయ్యి పెట్టి చూశాను, ఏమీ తగల్లేదండీ అన్నారు. చెట్టు నీడలో కూర్చుని ఆ టైరును అంగుళం అంగుళం వెనక్కి వంచుతూ చూశాం. ఒకచోట వంచగానే రబ్బరు కాస్త విచ్చుకుని తీగ కొన తళుక్కుమంది. మామూలుగా ఉన్నప్పుడు అది రబ్బరులోకి ముడుచుకుపోతుంది, మనిషి బరువు పడ్డప్పుడే లోపలికి పొడుస్తుంది. నెయిల్ కట్టర్ అంచుతో పట్టి లాగితే వచ్చింది. ఆ తర్వాత ఆయనకు మళ్లీ పంచర్ కాలేదు. మీ గాలి మెల్లగా తగ్గుతోందంటే ఇలాంటి తీగే అయ్యుండొచ్చు. అందుకని లోపలా బయటా మొత్తం టైరు చూడండి.

కొత్త ట్యూబు ఉంటే చక్రంలో అది వేసి, ప్యాచ్ వేసిన పాతది స్పేర్‌గా పెట్టుకోండి. ప్యాచ్ వేసేటప్పుడు రంధ్రం చుట్టూ ఎమెరీ పేపర్‌తో గరుకుగా రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, దాని తడి మెరుపు పోయేదాకా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు అతికించి గట్టిగా నొక్కండి. సొల్యూషన్ తడిగా ఉండగానే అతికిస్తే తర్వాత లేచిపోతుంది. ఆ ట్యూబులో కొంచెం గాలి కొట్టి రాత్రంతా వదిలేయండి, ప్యాచ్ నిలిచిందో లేదో పొద్దున్నే తెలుస్తుంది. చక్రంలోని టైరుకూ పూర్తి గాలి ఈ రాత్రే కొట్టేయండి. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే ఉండండి. మీది సన్నటి ప్రెస్టా వాల్వు అయితే పెట్రోల్ బంకు గాలి గొట్టం పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే సీటు సంచిలో వేసుకోండి.

గేరు పని నిజానికి చిన్నది. పెద్ద చక్రం మీదికి ఎక్కడం లేదంటే కేబుల్ కాస్త వదులైందని అర్థం. చాలా సైకిళ్లకు, చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డెరైలర్‌లోకి కేబుల్ వెళ్లేచోట వేళ్లతో తిప్పే బ్యారెల్ అడ్జస్టర్ ఉంటుంది. కొన్నింటికి అది హ్యాండిల్ మీది గేరు లివర్ (షిఫ్టర్) దగ్గర ఉంటుంది. డెరైలర్ వెనక నిలబడి చూస్తూ దాన్ని అపసవ్య దిశలో అర చుట్టు తిప్పండి, పెడల్ తిప్పుతూ గేరు మార్చి చూడండి. చాలకపోతే ఇంకో పావు చుట్టు. సైకిల్ తలకిందులుగా ఉంటే ఏ వైపు తిప్పుతున్నామో తికమక అవుతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్‌ను అలా పెడితే బ్రేకు నూనె ఉండే రిజర్వాయర్‌లోని గాలి లైన్లోకి వెళ్లే వీలు కూడా ఉంది. ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఉంటే తాడు కట్టి సీటును దానికి తగిలించండి. వెనక చక్రం నేలకు జానెడు పైకి లేస్తే చాలు, నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

డెరైలర్ మీద హెచ్, ఎల్ అని రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి, నిన్నటిదాకా అన్ని గేర్లూ పడ్డాయంటే తప్పు వాటిలో లేదు. ఎల్ స్క్రూ అటూ ఇటూ అయితే చైను పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడుతుంది. అడ్జస్టర్‌తో కుదరకపోతే రెండు చోట్ల చూడండి. ఒకటి, కేబుల్ పోగులు తెగుతున్నాయేమో, ముఖ్యంగా షిఫ్టర్ వైపు. తెగుతుంటే గేరు ఎంత సర్దినా నిలవదు. రెండోది, సైకిల్ ఈ మధ్య కుడివైపు పడిందా? పడితే డెరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉండొచ్చు. దాన్ని ఇంట్లో చేత్తో వంచొద్దు, విరిగితే రైడే ఉండదు. అతిపెద్ద చక్రం వాడకుండా తొక్కేయండి.

ఒకవేళ కేబుల్ దారిలో తెగితే డెరైలర్ స్ప్రింగ్ చైనును అతిచిన్న చక్రం మీదికి లాగేస్తుంది, దానితో అప్ ఎక్కడం నరకం. అప్పుడు డెరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టి, చైను మధ్య చక్రం మీద ఉండగా, మిగిలిన కేబుల్ ముక్కను బాటిల్ కేజ్ బోల్టుకు బిగించేయండి. ఒకే గేరుతోనైనా చేరుకుంటారు.

బ్రేకులకు పది నిమిషాలు చాలు. లివర్ గట్టిగా నొక్కితే హ్యాండిల్‌కు తగలకూడదు. రిమ్ము బ్రేకులైతే రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక, అల్యూమినియం ముక్కలు గుండుసూదితో తీసేయండి, రబ్బరు టైరుకు రాసుకోకుండా చూడండి. డిస్క్ బ్రేకులైతే చైనుకు నూనె వేసే ముందు డిస్కుకు ప్లాస్టిక్ కవర్ చుట్టండి. ఒక్క చుక్క పడ్డా ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. చైను లూబ్ లేకపోతే కుట్టుమిషన్ నూనె ఈ ఒక్క రైడ్‌కు పరవాలేదు. ఒక్కో లింకు రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, కాసేపు ఆగి, పైన మిగిలింది పాత బనియన్‌తో పూర్తిగా తుడిచేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు.

ఆఖరుగా బోల్టులు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడండి, కదలకూడదు. సీటు, పెడల్స్, వాటిని పట్టి ఉంచే క్రాంక్ చూడండి. ఎడమ పెడల్‌కు మర రివర్స్‌లో ఉంటుంది, అపసవ్య దిశలో తిప్పితేనే బిగుస్తుంది. తర్వాత సైకిల్‌ను కొద్దిగా ఎత్తి నేలకు వదలండి. గలగలమన్న ప్రతి చప్పుడూ ఎక్కడ్నుంచో వెతికి బిగించండి.

200కు మీకున్న గడువు 13 గంటల 30 నిమిషాలు, అంటే సాయంత్రం ఏడున్నర. చివర్లో చీకట్లో తొక్కాల్సి రావచ్చు. ముందూ వెనకా లైట్లు ఇప్పుడే ఛార్జింగ్‌లో పెట్టండి, రిఫ్లెక్టివ్ జాకెట్ సైకిల్ మీదే వేలాడదీయండి. పదిన్నరకు పానాలు సర్దేసి పడుకోండి. పొద్దున నాలుగున్నరకు లేవగానే వెనక టైరు బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకేమీ విప్పకుండా బయల్దేరండి. మెత్తబడి ఉంటే రాత్రంతా గాలి నిలిచిన ప్యాచ్ ట్యూబు చక్రంలో వేసుకుని, స్టార్ట్ దగ్గరికి వెళ్లాక తోటి రైడర్ల దగ్గర ఒక స్పేర్ ట్యూబు అడగండి, మొహమాటపడకండి. అక్కడ ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది, ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.