టెక్ సందేహాలు: చలికి ముడుచుకునే మైలేజీ

ఈ వారం పెట్టె తెరిస్తే సగం ఉత్తరాలు హైబ్రిడ్ కార్ల (పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్నవి) గురించే. డిసెంబరు వచ్చిందంటే ఏటా ఇదే వరస. అమెరికా వాళ్లది మంచు గొడవ, మనవాళ్లది అరకు గొడవ. మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదు ఒకటే అయినా కారణాలు వేరు కాబట్టి ఎవరి సంగతి వాళ్లకు చెబుతాను.

ప్రశ్న: మేం మినియాపోలిస్‌లో ఉంటాం. మాది 2021 టొయోటా రావ్4 హైబ్రిడ్. వేసవిలో 40 ఎంపీజీ (గ్యాలన్‌కు మైళ్లు) ఇచ్చేది. క్రిస్మస్ సెలవుల్లో పైన కార్గో బాక్స్ పెట్టుకుని నలుగురం షికాగో దగ్గర అరోరాలో బాలాజీ గుడికి వెళ్లొచ్చాం. 30 దాటలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేది ఐదు మైళ్లే, అందులో 27 వస్తోంది. షాపులో చూపిస్తే అంతా బాగుందన్నారు. హైబ్రిడ్ బ్యాటరీ పోతోందా?

జవాబు: బ్యాటరీకి ఏమీ కాలేదు. షాపువాళ్లు నిజమే చెప్పారు, కాకపోతే కారణం చెప్పలేదు. మీరు రాసింది ఒక సమస్య అనుకుంటున్నారు గానీ అవి రెండు. ఆఫీసు దారిలో మైలేజీని తింటున్నది హీటరు. షికాగో దారిలో తిన్నది గాలి.

ముందు ఆఫీసు దారి. హైబ్రిడ్ పెట్రోలు ఆదా చేసేది ప్రధానంగా ఇంజిన్ ఆపేసి. సిగ్నల్ దగ్గర ఆపుతుంది, నిదానంగా వెళ్తుంటే ఆపుతుంది. చలికాలంలో ఆ వెసులుబాటే పోతుంది. కారు లోపల వెచ్చదనం వచ్చేది ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ ద్రవం వేడి నుంచి. ఇంజిన్ ఆపితే కూలెంట్ చల్లారుతుంది, చల్లారితే హీటరు చల్లగాలి కొడుతుంది, కాబట్టి కంప్యూటరు మళ్లీ ఇంజిన్ వేస్తుంది. పైగా మీ 2.5 లీటర్ల ఇంజిన్ థర్మల్ ఎఫిషియెన్సీ (పెట్రోలు శక్తిలో పనిగా మారే వాటా) 41 శాతమని టొయోటా చెబుతుంది. పెట్రోలు ఇంజిన్లలో అది చాలా గొప్ప లెక్క. అయితే కారు హీటరు బతికేది ఇంజిన్ వృథా చేసే వేడి మీదే. పొదుపరి ఇంట్లో అన్నం మిగలదు, మిగిలింది తిని బతికేవాడికి పస్తే. ఈ చిక్కు దుబారా ఇంజిన్ ఉన్న పాత కార్లకు తక్కువ.

పోయిన జనవరిలో మిషిగన్‌లో మా తమ్ముడి కారులో ఇది కళ్లారా చూశాను. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటరు అంకెలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూ కూర్చున్నా. సిగ్నల్ దగ్గర కారు ఆగింది, ఇంజిన్ కూడా ఆగింది. హీటరు 75 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద, ఫ్యాన్ ఫుల్. ఫోన్‌లో అంకె 60 సెల్సియస్ నుంచి 58, 57, 55 అంటూ దిగుతోంది. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది, ఇంజిన్ గుర్రుమని లేచింది. తర్వాతి సిగ్నల్ దగ్గర ఫ్యాన్ రెండు గీతలు తగ్గించి, సీటు హీటరు వేయమన్నాను. ఈసారి అంకె నెమ్మదిగా దిగింది, ఇంజిన్ నిద్ర లేవలేదు. మా మరదలు వెనక సీట్లోంచి ‘బావగారూ, మాకు చలేస్తోంది’ అన్నాక ప్రయోగం ఆపేశాం.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం చిన్న చిన్న సిటీ ప్రయాణాల్లో 77 డిగ్రీల దగ్గర వచ్చే మైలేజీతో పోలిస్తే 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మామూలు పెట్రోలు కారుకు దాదాపు 15 శాతం తగ్గుతుంది, హైబ్రిడ్‌కు 30 నుంచి 34 శాతం. మీ 40లోంచి మూడో వంతు తీసేయండి, 27 వస్తుంది. మీ కారు బుద్ధిగా ఆ లెక్కనే పాటిస్తోంది. పొద్దున పది నిమిషాలు రిమోట్ స్టార్ట్ చేసి వదిలేసే అలవాటు ఉంటే ఇంకా తగ్గుతుంది. అద్దాల మీది మంచు గీకాక అర నిమిషం చాలు, నిదానంగా బయల్దేరిపోండి. నడిచే ఇంజిన్ నిలబడ్డ ఇంజిన్ కన్నా త్వరగా వేడెక్కుతుంది. అద్దం శుభ్రం కాగానే డీఫ్రాస్ట్ బటన్ ఆపేయండి, చాలామంది గమ్యం చేరేదాకా అలాగే ఉంచేస్తారు. కూరగాయలు, బ్యాంకు, పిల్లల క్లాసు, మూడూ ఒకే తిరుగుడులో పెట్టుకుంటే ఇంజిన్ ఒక్కసారి వేడెక్కితే సరిపోతుంది.

ఇక షికాగో దారి. హైవే మీద ఇంజిన్ ఎటూ ఆగకుండా నడుస్తుంది, వేడికి కొరత లేదు. అక్కడ హీటరు మీద పడి ఏడవనక్కర్లేదు. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. మైనస్ 10 సెల్సియస్‌లో గాలి సాంద్రత 25 డిగ్రీల్లో ఉండేదానికన్నా 13 శాతం ఎక్కువ. అంటే ఎదురుగాలి లేని రోజు కూడా కారు అంత అదనంగా గాలిని తోసుకుంటూ పోవాలి. దాని మీద మీరు 75 మైళ్ల వేగం పెట్టి ఉంటారు. 65తో పోలిస్తే గాలి అడ్డు మూడో వంతు పెరుగుతుంది. అసలు దొంగ మీ నెత్తిమీదే ఉంది: ఆ కార్గో బాక్స్. ఇంటర్‌స్టేట్ వేగాల్లో మొండిగా ఉండే పెద్ద పెట్టె 10 నుంచి 25 శాతం దాకా మైలేజీ తినేస్తుందని అదే ఇంధన శాఖ చెబుతోంది. తిరిగొచ్చాక దాన్ని దింపారా? దింపకపోతే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి ముందు ఆ పని చూడండి.

టైర్ల సంగతీ ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ పడుతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీలప్పుడు 35 కొట్టించి మర్చిపోతే, 10 డిగ్రీల పొద్దున 29 ఉంటుంది. ఒత్తిడి పావు వంతు, అంటే 26 దాకా పడితే గానీ డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగదు. లైటు వెలగలేదు కాబట్టి గాలి సరిగా ఉందనుకోవడం పొరపాటు. చల్లటి టైరుకే గాలి చూడాలి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకెకే కొట్టాలి. వింటర్ పెట్రోలులో శక్తి కూడా ఒకటి రెండు శాతం తక్కువ. చలిలో ఇంజిన్ సులువుగా స్టార్ట్ అవ్వాలని తేలిగ్గా ఆవిరయ్యే బ్యూటేన్ పాలు అందులో పెంచుతారు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. ఒక వైపు సుమారు 400 మైళ్లు. 40 ఎంపీజీ అయితే 10 గ్యాలన్లు, 30 అయితే 13.3. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే తేడా 10 డాలర్లు. దీనికోసం పిల్లల్ని వణికించకండి. నన్ను కంగారు పెట్టే లెక్క వేరే ఉంది. మీ ట్యాంకు 14.5 గ్యాలన్లు. 30 ఎంపీజీ చొప్పున చివరి చుక్కదాకా తాగినా 435 మైళ్లే. వేసవిలో ఒక్క ట్యాంకుతో వెళ్లిపోయిన దారి కదా అని చలికాలంలోనూ అలాగే బయల్దేరితే రాక్‌ఫోర్డ్ దాటేసరికి ముల్లు అడుగంటుతుంది. మ్యాడిసన్‌లో ఆగి నింపుకోండి. మంచులో ఇరుక్కుంటే హైబ్రిడ్ చాలా నయం. రెడీలో (డ్యాష్‌బోర్డు మీద READY అని వెలిగేలా) ఉంచితే ఇంజిన్ అవసరమైనప్పుడే నడిచి లోపల వెచ్చగా ఉంచుతుంది. కాకపోతే సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేశాకే కారులో కూర్చోవాలి, కిటికీ ఒక వేలు సందు తెరిచి ఉంచాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

ప్రశ్న: విజయవాడ నుంచి అరకు వెళ్లొచ్చాం. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్. కంపెనీ లీటరుకు 27.97 కిలోమీటర్లు అంటుంది, మాకు 19 వచ్చింది. చలి వల్లేనా? ఇంకోటి, ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా ఇంజిన్ గట్టిగా అరిచింది. మావారు రిపేరంటున్నారు, నేను కాదంటున్నాను. చివరగా, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్ల మైలేజీ ఎంత తగ్గుతుంది?

జవాబు: అమ్మా, పందెం మీరే గెలిచారు.

ఘాట్ సంగతి ముందు చెబుతాను, అది భలే ముచ్చట. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. నలుగురు మనుషులు, సామాను కలిపి మీ కారు 1600 కిలోలనుకుందాం. అక్కడి నుంచి శృంగవరపుకోట వైపు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 3.9 యూనిట్ల కరెంటుకు సమానం. టైర్ల రాపిడి, గాలి కొంత తీసుకున్నా ఇంకా రెండు యూనిట్లు మిగులుతాయి. మీ హైబ్రిడ్ బ్యాటరీ కెపాసిటీ మొత్తం 0.76 యూనిట్లు, అందులోనూ పూర్తిగా నింపనివ్వరు. బిందె పట్టుకెళ్లి జలపాతం కింద పెట్టినట్టు. సగం ఘాట్ దిగకముందే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చే కరెంటుకు చోటెక్కడ? కారు ఒక మోటారుతో ఆ కరెంటు వాడి ఇంజిన్‌ను ఊరికే తిప్పుతుంది. పెట్రోలు పడదు, నిప్పు రాజుకోదు, ఇంజిన్ గాలి పంపులా తిరుగుతూ శక్తిని ఖర్చు చేస్తుంది. మీరు విన్న అరుపు అదే. ఆ కాసేపు పెట్రోలు ఖర్చు సున్నా, బ్రేకులకూ విశ్రాంతి. దిగుడు మొదట్లోనే గేరు ‘బి’లో పెట్టమనేది కూడా ఇందుకే. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక 19 సంగతి. చలికి దీంతో సంబంధం లేదు. డిసెంబరు తెల్లవారుజామున అరకులో మనం దుప్పట్లు కప్పుకుంటాం గానీ, ఇంజిన్‌కు 10 డిగ్రీల సెల్సియస్ పెద్ద చలేం కాదు. నిజానికి మన దగ్గర హైబ్రిడ్‌కు మంచి కాలం చలికాలమే, ఏసీ కంప్రెసర్ బరువు ఉండదు. 27.97 అనేది లేబొరేటరీలో రోలర్ల మీద వచ్చిన అంకె. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కాసేపే. ఏసీ ఉండదు, ఘాట్లు ఉండవు, వెనక సీట్లో మామగారు, డిక్కీలో అరకు కాఫీ బస్తా ఉండవు. మీరు పదహారో నంబరు హైవే మీద 110లో వెళ్లుంటారు. (ఆ రోడ్డు మీద పరిమితి 100 అని గుర్తు చేస్తే బాగుండదేమో.) 90కి దిగితే గాలి అడ్డు మూడో వంతు తగ్గుతుంది. విజయవాడ నుంచి విశాఖ దాకా లెక్క ప్రకారం నలభై నిమిషాలు ఎక్కువ పడుతుంది, తునిలో టీ కాస్త తొందరగా తాగేస్తే అందులో కొంత పూడుతుంది.

ఈ20 పెట్రోలు వల్ల ఎంత అని చివర్లో అడిగారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే ఏ మిశ్రమమూ లేని పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం లోటు తప్పదు. పాత కార్ల విషయంలో 2021లో నీతి ఆయోగ్ నివేదిక ఇచ్చిన అంచనా కూడా ఇంచుమించు ఇదే. మీ 19కి అది ఒక్కటే కారణం కాదు, వేగమే పెద్దన్న.

ప్రశ్న: సంక్రాంతికి ఐదు వారాలు ఊరెళ్లి న్యూజెర్సీ తిరిగొచ్చేసరికి మా హైబ్రిడ్ చచ్చి పడి ఉంది. తలుపు కూడా తెరుచుకోలేదు. అంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని స్టార్ట్ అవ్వకపోవడమేంటి?

జవాబు: కారును నడిపేది పెద్ద బ్యాటరీ, కారును నిద్ర లేపేది చిన్నది. 12 వోల్టులది ఒకటి వేరే ఉంటుంది, మామూలు కారులో ఉండేదానికన్నా తరచుగా చిన్న సైజే. కంప్యూటర్లు, తాళాలు, అలారం, ఫోన్ యాప్‌తో మాట్లాడే మోడెమ్, అన్నీ దాని మీదే బతుకుతాయి. అది పడిపోతే పెద్ద బ్యాటరీని కలిపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కలుసుకోదు, ఏనుగు ఇంట్లోనే ఉంటుంది గానీ గొలుసు విప్పేవాడుండడు. చలిలో ఈ చిన్న బ్యాటరీ సత్తువ ఇంకా తగ్గుతుంది.

వచ్చే ఏడాది వెళ్లే ముందు బ్యాటరీ మెయింటెయినర్ (బ్యాటరీ దిగిపోకుండా చూసే చిన్న ఛార్జర్) ఒకటి గ్యారేజీలో తగిలించి వెళ్లండి. గ్యారేజీ లేకపోతే నెగటివ్ తీగ విప్పేయడం నాకు తెలిసిన తేలిక దారి. ఎవరైనా మిత్రుడు వారానికోసారి వచ్చి చూస్తానంటే, కారు రెడీలో పెట్టి గంటసేపు ఉంచమనండి. ఉత్త ఆన్ చేసి పాటలు వింటూ కూర్చుంటే ఉన్నదీ ఊడ్చుకుపోతుంది. తాళంచెవి కారుకు దూరంగా ఉంచండి, ఓబీడీ డాంగిల్ పీకేయండి. ఇంకో మాట: జంప్ స్టార్టర్ కొన్నవాళ్లు దాన్ని డిక్కీలో భద్రంగా దాస్తారు. 12 వోల్టులు పోతే కరెంటుతో తెరుచుకునే డిక్కీ తెరుచుకోదు. ఇంట్లో పెట్టుకోండి. ముందు తలుపుకు రిమోట్ లోపల దాచిన ఇనప తాళంచెవి ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు.

ప్రశ్న: వంజంగి వ్యూ పాయింట్‌లో సూర్యోదయం వీడియో తీస్తుంటే 30 శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఆగిపోయింది. గదికొచ్చి ఛార్జర్ పెడితే 28 చూపించింది. పాడైందా?

జవాబు: ఫోన్ బాగానే ఉంది, బ్యాటరీ కాస్త ముసలిదై ఉంటుంది. చలిలో లిథియం బ్యాటరీ అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ జారిపోయి ఫోన్ తనంతట తాను ఆగిపోతుంది, శక్తి లోపలే ఉంటుంది. బ్యాటరీ హెల్త్ ఎంతుందో సెట్టింగ్స్‌లో చూడండి. కొండెక్కేటప్పుడు ఫోన్‌ను బ్యాగు పైజేబులో కాకుండా స్వెటర్ లోపల పెట్టుకోండి, తీసేముందు రెండు నిమిషాలు అరచేతుల్లో ఉంచండి. మళ్లీ వెళ్తే పాడేరు వైపు మ్యాప్ ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్‌కు దించుకోండి. కొండ మీద సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్ సగం బ్యాటరీ అక్కడే ఊదేస్తుంది.